అయాన్ లేకుండా ఒక రన్

మంగళవారం రాత్రి, హాలిఫాక్స్

ఇవాళ ల్యాబ్‌లో మా సీనియర్ శ్రీధరన్న ముఖం చూడలేకపోయాను. అన్న పీహెచ్‌డీ థీసిస్‌లో చివరి చాప్టరంతా స్క్రీన్ మీది ఒక్క గీత మీదే నిలబడి ఉంది. కదలిక దాదాపు ఆగిపోయేంతగా చల్లబరిచిన రూబిడియం పరమాణువును లేజర్‌తో ఉబ్బించి, దగ్గరలో ఒక అయాన్‌ను, అంటే ఛార్జ్ ఉన్న పరమాణువును, ఉంచితే ఆ గీత పక్కకు జరుగుతుంది. ఎంత జరిగిందన్నదే అన్న రిజల్ట్.

మధ్యాహ్నం నేను అయాన్ పెట్టకుండా ఒక రన్ తీశాను. అయినా గీత దాదాపు అంతే జరిగింది.

అన్న రెండు రన్‌లనూ స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి చూశాడు. "ఛాంబర్ గ్లాస్ మీద ఛార్జ్ పట్టిందేమో. యూవీ లైట్ వేసి, దాన్ని వదిలించి మళ్ళీ తియ్యి," అన్నాడు. తీశాను. ఈసారి గీత అసలు పక్కకు జరగలేదు. అంటే ఇన్నాళ్ళూ దాన్ని జరిపింది అయాన్ కాదేమో, అద్దాన్ని పట్టుకున్న ఈ ఛార్జేనేమో.

అన్న థీసిస్ డిఫెన్స్ వచ్చే నెలే. మార్కమ్‌లో అన్నకొచ్చిన జాబ్ కూడా డిగ్రీ చేతికొస్తేనే.

"ఇవాళే పట్టిందేమో అన్నా. పాత డేటా బాగానే ఉండొచ్చు కదా," అన్నాను.

"అప్పుడు ఛార్జ్ లేదని ఎట్లా చెప్తాం? చాప్టర్ తీసేస్తా. పొద్దున గైడ్ సార్‌కి నేనే చెప్తా."

ఇంటికొచ్చే ఫెర్రీలో అన్న రోజూలా లోపల కూర్చోలేదు. బయట గాలిలోనే నిలబడ్డాడు. నేనూ పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

ఏది కొలిచినా, అది లేకుండా కూడా ఒకసారి కొలవాలని నేను చేరిన కొత్తలో నేర్పింది అన్నే. మరి తను ఎందుకు మర్చిపోయాడో... అడగలేదు.

దిగేటప్పుడు, "మంచి పని చేశావ్," అన్నాడు.

తిట్టి ఉంటే ఈపాటికి నిద్ర పట్టేది.