గురక పెడుతూ నడిచిన బాపు

గోడాదరా, సూరత్
14 జూన్ 2021

వెన్నుపూసల వైద్యంలో దిట్ట, మా పరిశోధన బృందానికి పెద్దదిక్కు అయిన మైథిలి మేడమ్ గారికి,

మీ దగ్గర రోగుల లెక్కలు చూసుకునే దినేశ్ మాస్కు ముక్కు మీదికి లాక్కుని, రెండు చేతులూ జోడించి చేసే నమస్కారాలు. మీరూ మీ ఇంట్లోవాళ్లూ క్షేమమని తలుస్తాను. నన్ను కన్న అవ్వ కనకవ్వ క్షేమం. వీధి చివర కిరాణా కొట్టు మళ్లీ తెరిచారు, అదీ క్షేమం. నేను ఒక్కణ్ణే సిగ్గుతో చితికి ఉన్నాను. పొద్దున మీకు వచ్చిన మిస్డ్ కాల్స్ నావే. మీరు ఎత్తుతారేమోనన్న భయంతో పెట్టేశాను.

విషయం మా బాపు మొండయ్య గురించి. మగ్గాల కార్మికుడు, మీ చేతుల మీదుగా నడుముకు ఆపరేషన్ అయినవాడు. ఆపరేషన్ తర్వాత మంచం పట్టనీయకుండా తొందరగా నడిపిస్తే మనిషి బాగా కోలుకుంటాడా అన్నదే కదా మన పరిశోధన. అందుకే ఒక్కో రోగి చేతికీ అడుగులు లెక్కపెట్టే పట్టీ కట్టి ఇంటికి పంపాం. ఆ లెక్క దానంతటదే నా కంప్యూటర్‌కి చేరి, ఒక్కొక్కరికీ ఒక గీతగా కనబడుతుంది. సొంతవాళ్ల లెక్క వేరేవాళ్లు చూడాలని మీరు ఆనాడే అన్నారు. నేను ఛాతీ విరుచుకుని, నాకు బాపైనా బయటివాడైనా ఒకటే మేడమ్ అన్నాను. ఆ ఛాతీ ఇప్పుడు ఎక్కడుందో వెతుక్కుంటున్నాను.

కరోనా రెండో వేవ్‌లో ఇళ్లకు పోవద్దని మమ్మల్ని హాస్టల్‌లో ఉంచారు కదా. ఆ రోజుల్లో బాపు గీత అందరి గీతలనూ దాటి పైకి పోయింది. మొండయ్యను చూసి నేర్చుకోమని మిగతా రోగులకు చెప్పమన్నారు మీరు. చెప్పాను. కాస్త మసాలా వేసి మరీ చెప్పాను. వాళ్లలో నర్సింగం కాకా అయితే, మీ బాపు మనిషారా మోటారా అని నన్ను తిట్టి, నొప్పి ఓర్చుకుంటూనే నడక పెంచాడు. ఈ శుక్రవారం ఆన్‌లైన్ సభలో మీరు చూపించబోయేది ఆ గీతే. దాన్ని నమ్మి రోగులందరికీ నడక పెంచబోతున్నారు.

నిన్న ఇంటికొచ్చాను. మధ్యాహ్నం అన్నం తిని బాపు నా ఎదుట మంచం మీద గురక పెడుతున్నాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచాను. అందులో బాపు నడుస్తున్నాడు. వైద్యశాస్త్రంలో కొత్త అధ్యాయం మా ఇంట్లోనే మొదలైందని ఒక్క క్షణం పొంగిపోయాను. తర్వాత బాపు చేతికేసి చూశాను. పట్టీ లేదు.

లేపి అడిగితే, సోమలింగం తాన ఉన్నది తీయ్ అని అటు తిరిగి పడుకున్నాడు. సోమలింగం కాకా బాపుకు జోడీ, ఇద్దరిదీ ఒకటే కార్ఖానా. ఉరికాను. పట్టీ మగ్గానికి కట్టి ఉంది మేడమ్. పోగును కొట్టడానికి ముందుకూ వెనక్కీ ఊగే చెక్క ఒకటి ఉంటుంది, దానికి. అది ఊగినప్పుడల్లా మా బాపు ఒక అడుగు వేస్తున్నాడు. కాకా ఏమీ జంకలేదు. ఒకనికి పానం బాగలేకుంటె జోడీగాడు వాని మగ్గం సూసుకోడా, గట్లనే వాని నడక సూసుకుంటున్న, గిండ్ల తప్పేందిరా అని నన్నే నిలదీశాడు. నేను నా బీఎస్సీతో సహా వంగి ఆ పట్టీ విప్పుకున్నాను.

ఇంటికొచ్చి వాడ వాడంతా వినేలా బాపు మీద అరిచాను. ఆయన తల దించుకుని, నా గీత కిందికి పడితె మేడమ్ నిన్నేమంటదో అని భయమైంది బిడ్డా, నువ్వేమో దినాం ఫోన్ల మన బాపే ఫస్ట్ అని సంబురపడ్తివి అన్నాడు. మీ ఇద్దరికీ సిగ్గులేదని తిట్టి అవ్వ ఇద్దరికీ చాయ్ పోసింది. తాగలేకపోయాను.

కాబట్టి మేడమ్, బాపు గీత కొట్టేయండి. సభలో చూపించకండి. నర్సింగం కాకాకు నేనే ఫోన్ చేసి అది అబద్ధమని, మీరు మొదట చెప్పినంతే నడవమని చెప్పాను. ఆయన అన్న మాటలు మీలాంటి పెద్దవాళ్లకు రాయదగ్గవి కావు, నాకు తగినవే. నా ఉద్యోగం సంగతి మీ దయ.

బాపు ఆరోగ్యం బాగానే ఉంది.

ఇట్లు,
మీ ముఖం చూసే ధైర్యం లేని
దినేశ్

తా.క. బాపు ఆరోగ్యం బాగాలేదు. నడవలేకనే పట్టీ ఇచ్చేశాడు. ఎడమ కాలి చెప్పు జారిపోయినా ఆయనకు తెలియడం లేదు. నిన్న గడప దగ్గర పడిపోయిన చెప్పును అవ్వ తెచ్చి తొడిగింది, రోజూ చేసే పనిలాగే. నేను హాస్టల్‌లో ఉన్నప్పుడు ఒకసారి ఫోన్లో, కాలు జర మొద్దుబారుతున్నదిరా అన్నాడు. నేను స్క్రీన్ చూసుకుంటూ, గంత నడిస్తె మొద్దుబారక ఏమైతది బాపూ, గింత దానికి మా మేడమ్‌ను పరేషాన్ చేస్తవా అని నవ్వాను. ఆయన కూడా నవ్వాడు.

ఈ కవరు మీకు ఇచ్చింది బాపే. లోపల నా సెలవు చీటీ ఉందనుకుంటున్నాడు. అవ్వ తోడుగా వచ్చింది. ఆటోలో ఆసుపత్రి గేటు దాకా తెచ్చి నేను ఇక్కడే ఆగిపోయాను. ఎట్లున్నది అని ఆయన్ని అడగకండి మేడమ్. మంచిగున్నది అంటాడు. నడిపించి చూడండి.