బోర్డు పరుగెత్తింది

బాప్టిస్టు కాలనీ, ఉదయగిరి దగ్గర,
2-2-96

ఆత్మకూరులో వీడియో షాపు పెట్టుకుని పెళ్ళిళ్ళు తప్ప లోకం చూడని రాజమోహన్ అన్నకి ఉద్యమాభివందనాలు.

అన్యాయం జరుగుతుండాది. చేస్తున్నవాడు బస్సు యజమాని ఆదెయ్య. పొద్దున ఏడున్నర బస్సు మా కాలనీ కాడ ఆపడు. "అక్కడ స్టేజీయే లేదు, ఏ కాగితంలో ఉండాదో చూపించు" అంటాడు. మా చెల్లెలు సుకుమారి మీ ఊళ్ళో ఇంటర్ చదువుతుండాది. హాజరు ఇంకొంచెం తగ్గితే పరీక్షకి కూర్చోనివ్వమని కాలేజీలో చెప్పేసినారు. మేమే ఒక బోర్డు పాతినాం: "బస్సు ఇచ్చట నిలుచును." మా హెన్రీ ఎర్ర రంగుతో రాసినాడు. డ్రైవరు దాన్ని చదువుకుంటానే పోతాడు.

నెలాఖరు గురువారం బస్సుల ఆఫీసరు ఆత్మకూరులో విచారణ పెట్టినాడు. నోటిమాట చాలదంట, రుజువు కావాలంట. వీడియో తీసి పెడతాం. కాలనీ అంతా చందాలేసుకున్నాం. నీ దగ్గరున్న మద్రాసు కంపెనీ కాటలాగు చూసి, చేతిలో పట్టే కెమెరా చవకది ఒకటి పోస్టులో తెప్పించు.

పోరాటంలో నీ,
దయాసాగర్

తా.క.: ఏడ్చే పెళ్ళికొడుకుని నవ్వినట్టు తీసేవాడివి నువ్వు. పరుగెత్తే బస్సుని పరుగెత్తినట్టు తీయడం మాకొక లెక్కా?


ఆత్మకూరు, 6-2-96

తమ్ముడు దయాసాగర్‌కి రాజమోహన్ ఆశీస్సులు.

తొందరపడొద్దురా. కాటలాగులో ప్రతి కెమెరా కిందా "చెయ్యి వణికినా బొమ్మ ఊగదు" అని ఉండాది. ఎట్లా ఊగదో మాత్రం రాయలేదు. అది కనుక్కున్నాకే డబ్బు కట్టాల. రెండు రకాలుండాయి. ఆప్టికల్ అయితే లోపల అద్దమే కదిలి సర్దుకుంటుంది. ఎలక్ట్రానిక్ అయితే మిషను బొమ్మ అంచులు కోసేసి, మిగిలిన బొమ్మని అటూ ఇటూ జరుపుతుంది. ఏది కదులుతుండాదో, ఏది నిలబడిందో తనే తేల్చుకుంటుంది. ఒక్కోసారి తప్పు తేలుస్తుంది. చవకది ఏ రకమో చెప్పమని కంపెనీకి జాబు రాసినాను. అందాకా ఓర్చుకో. నీ చెయ్యి అసలే నిలవదు.

ఇట్లు,
రాజమోహన్

తా.క.: ఈ జాబు ఆదెయ్య బస్సులో పంపిద్దామనుకున్నా. మీ దగ్గర ఆగదు కదా అని పోస్టులో వేసినా.


కాలనీ, 9-2-96

అద్దాల ఏజెంటు రాజమోహన్ గారికి,

నా చెయ్యి నిలవదంటారా? నడిబజారులో పోలీసుల ముందర కరపత్రాలు పంచిన చెయ్యి ఇది! ఖరీదైనది అంటగట్టి కమీషను తినాలని మీ ఎత్తు. నేనే మద్రాసుకి డబ్బు కట్టేసినాను. చవకదే! ఏ రకమో అడగలేదు, అడగను. తన బుర్రతో తాను తేల్చుకునే యంత్రమైతే మరీ మంచిది. ఎవరికీ తల వంచదు.

రాజీపడని,
దయాసాగర్

తా.క.: మిమ్మల్ని ఇంక 'అన్నా' అని పిలవను.


ఆత్మకూరు, 14-2-96

దయాసాగర్‌కి,

'అన్నా' అనకపోతే మానె, చెప్పేది విను. కంపెనీ జవాబు వచ్చింది. నువ్వు కొన్నది ఎలక్ట్రానికే. పక్కన బొమ్మ సర్దే మీట ఉంటుంది, అది ఆపేసి తియ్యి. బొమ్మ నిండా బస్సునే నింపొద్దు.

అయినా అన్నే,
రాజమోహన్


కాలనీ, 21-2-96

రాజమోహన్ గారికి,

టేపు పంపుతుండాను. సుకుమారి పుస్తకాలతో నిలబడింది. ఎనభై ఏళ్ళ రెబెకమ్మ అవ్వ కూడా వచ్చి చెయ్యెత్తింది. బస్సు ఆగలేదు. నా నెత్తురు ఉడికిపోయింది. మా కాలనీలో వీడియో ప్లేయరు లేదు గాబట్టి పెద్ద క్యాసెట్లోకి ఎక్కించి ఆఫీసరుకి ఇచ్చెయ్యండి. మీ చేతివాటం చూపించొద్దు.

దయాసాగర్

తా.క.: మీట ఆపలేదు. ఆపమన్నది మీరు గాబట్టి.


ఆత్మకూరు, 24-2-96

ఒరే దయాసాగర్,

టేపు చూసినాను. నిలబడి ఉంటే కూర్చో. బస్సు కొండలాగా నిలబడి ఉండాది. సుకుమారి, హెన్రీ, నీ బోర్డు, అందరూ వరసగా ఉదయగిరి వైపు పరుగు. రెబెకమ్మ అవ్వయితే ఎత్తిన చెయ్యి దించకుండా, అడుగు తీసి అడుగు వెయ్యకుండా పరుగు!

ఏం జరిగిందంటే, నువ్వు బొమ్మ నిండా బస్సుని నింపి, కోపంలో దాని వెంబడే కెమెరా తిప్పినావు. మిగిలిన కుదుపు మిషను సర్దేసింది. బస్సే నేల అనుకునింది. చక్రాలు కనపడుంటే ఎవరికైనా తెలిసేది. అంచులో ఉండాయి కదా, కోసేసింది. ఇది ఇస్తే సుకుమారి పరీక్ష పోయినట్టే. మీట ఆపేసి మళ్ళీ తీసి పంపు. ఆ కెమెరా వాపసు ఇచ్చి ఆప్టికల్ నేనే తెప్పిస్తా.

రాజమోహన్

తా.క.: అక్షరాలు మాత్రం చక్కగా పడినాయి. అంత వడిగా పోయే బోర్డుని నేనెప్పుడూ చూళ్ళేదు.


కాలనీ, 26-2-96

అయ్యా,

బస్సు నిలబడిందా? బోర్డు పరుగెత్తిందా? ఎవరికి చెప్తారు ఈ కథలు? ఆదెయ్య మీ షాపులో టీ తాగిపోయినాడని హెన్రీ కళ్ళారా చూసినాడు. మళ్ళీ తీసేలోపల విచారణ అయిపోవాలని మీ ఆశ. టేపు ఉన్నది ఉన్నట్టు ఆఫీసరుకి ఇవ్వండి. ఇవ్వకపోతే మీ షాపు ముందరే ధర్నా!

దయాసాగర్

తా.క.: సుకుమారి "ఆయన మాట ఒకసారి విను" అంటుండాది. రాజీతత్వం ఇంట్లోకే చొరబడింది.


కాలనీ, 1-3-96

రాజమోహన్ అన్నకి,

జవాబు రాయకుండా టేపు ఇచ్చేసినావు. నేనడిగింది అదే గాబట్టి నిన్ను తిట్టే దారి లేదు.

నిన్న విచారణలో టీవీ పెట్టినారు. నువ్వు రాసిందంతా పొల్లుపోకుండా కనపడింది. అవ్వ పరుగు చూసి ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సుకుమారి మొహం చూడలేకపోయినాను.

ఆదెయ్య లేచినాడు. "చూసినారా సార్! నా బస్సు రోజూ ఏడున్నరకి ఆ బోర్డు కాడ రాయిలాగా నిలబడతుండాది. ఎక్కకుండా పారిపోయేది వీళ్ళే!"

నేను లేచి ఉపన్యాసం ఎత్తుకోబోతే సుకుమారి నా చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టి, తనే లేచింది.

"సార్, ఆదెయ్య గారు చెప్పినట్టే రాసుకోండి. రోజూ ఏడున్నరకి బోర్డు కాడ బస్సు నిలబడుతుందని. ఆయన సంతకం పెడతారు."

"ఎందుకు పెట్టనమ్మా!" అని ఆదెయ్య చెయ్యి జాపి మరీ పెన్ను తీసుకున్నాడు. పెట్టినాడు. ఆఫీసరు దాని కింద ఇంకో వాక్యం రాసి పైకి చదివినాడు: "యజమానే ఒప్పుకున్నందున అది స్టేజీ. సోమవారం నుంచి ఆపకపోతే పర్మిట్ రద్దు."

ఆదెయ్య కదలకుండా నిలబడిపోయినాడు, మిషను సాయం లేకుండానే.

నీ తమ్ముడు,
దయాసాగర్

తా.క.: ఆప్టికల్ తెప్పిస్తానన్నావు. వద్దన్నా. అది ఉన్నది ఉన్నట్టే చూపిస్తుంది.

మళ్ళీ తా.క.: సోమవారం పొద్దున ఏడున్నరకి కాలనీ మొత్తం బోర్డు కాడ చేరాలని పిలుపు. ఆత్మకూరు నుంచి నువ్వూ రా. అందరం కలిసి ఎక్కుదాం. ఈసారి ఎవరూ పరుగెత్తొద్దు.