బ్రోకలీ వండిన కుండ

గ్రావినా,
16 ఫిబ్రవరి 1979, శుక్రవారం.

చిరంజీవి రోసాల్బాకు, అమ్మ ముద్దులతో రాసేది.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. ముందు నువ్వడిగినవి చెప్తాను. పిన్ని మోకాలు తగ్గింది, చర్చికి నడిచే వెళ్తోంది. నీ ఊదారంగు కోటు పంపించాను. టూరిన్ చలిని అదేం ఆపుతుందో, ఏమో!

బ్రోకలీ గుండెకూ ఎముకలకూ కళ్లకూ మంచిదట, క్యాన్సర్‌ను దగ్గరికి రానివ్వదట, నాన్నకు బాగా పెట్టమని పత్రికలో చదివి రాశావు. మా అత్తగారు ఏ పత్రికా చదవకుండానే ఇవన్నీ చెప్పేది. "ఏడుగుర్ని దీంతోనే పెంచానే, ఒక్కడూ మంచం పట్టలేదు" అనేది.

ఇక నీ చివరి ప్రశ్న. నాన్న మాత్రలు మూడుసార్లు ఎందుకు పెంచారని.

నీకు చెప్పని మాటొకటి ఉంది తల్లీ. నాన్న గుండెలో లోహపు కవాటం వేసినప్పుడే డాక్టర్ లోపెర్ఫిడో చెప్పారు. "అమ్మా, ఈ మాత్రలు రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. ఆకుకూరలూ బ్రోకలీ వాటికి అడ్డం పడతాయి. ఏమాత్రం తింటున్నాడో నాకు తెలియాలి" అన్నారు. నేను తలూపి ఇంటికొచ్చి, మనం ఎప్పుడూ చేసేట్టే పాస్తానూ బ్రోకలీనీ ఒకే కుండలో కరిగిపోయేదాకా ఉడికించి రోజూ పెట్టాను. ముక్క కనబడకపోతే తిన్నట్టు కాదనుకున్నాను, తెలివితక్కువదాన్ని. మీ నాన్న కంచం రొట్టెతో తుడుచుకుని తింటూ, "ఏమే, ఆయనకు చెప్పకు. పట్నంలో పుట్టినవాడికి బ్రోకలీ సంగతేం తెలుసు?" అనేవారు.

నెలనెలా రక్తపరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు అడిగేవారు. "ఆకుకూరలేమైనా?"

"అబ్బే, ముట్టడమే లేదు డాక్టరుగారూ" అనేదాన్ని. ఆయన అలా మూడుసార్లు మాత్ర పెంచారు.

పోయిన శనివారం ఆయన, "ఇంకా గడ్డకట్టేలాగే ఉంది. గడ్డ తలకెక్కితే మాట పడిపోతుంది" అన్నారు. నేను హడలిపోయి సోమవారం నుంచి బ్రోకలీ పూర్తిగా మానేశాను. మంచిపనే చేశాననుకున్నాను. నిన్న మీ నాన్న కొరికిన రొట్టెకు నెత్తురంటింది. ఈ పొద్దున చూస్తే మోచేతి కింద అరచెయ్యంత నల్లటి మచ్చ. అప్పుడు తెలిసింది నాకు. ఆ మాత్రలు నా బ్రోకలీకి పోటీగా పెంచినవి. ఇప్పుడు బ్రోకలీ లేదు, మాత్రలు అలాగే ఉన్నాయి.

"చూశావా, నా కూర మానిపించిన పాపం!" అని నవ్వుతున్నారు మీ నాన్న, పళ్లసందుల్లో ఎర్రగా. పెడితే ఒక చావు, మానితే ఒక చావు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇన్నాళ్లూ అబద్ధమాడానని డాక్టరుకు చెప్పుకోవడం తప్ప దారి లేదు. ఎన్ని తిట్టినా పడతాను, మనిషి దక్కితే చాలు.

నిన్ను నువ్వు తిట్టుకోకు. నీ ఉత్తరం రాకముందే ఎనిమిది నెలలుగా పెడుతున్నాను. బ్రోకలీ మంచిదే, నువ్వు రాసింది నిజమే.

మీ నాన్న కోటు తొడుక్కుని, ముక్కుకు చేతిరుమాలు అద్దుకుంటూ గుమ్మంలో నిలబడ్డారు. "ఏమే, ఆసుపత్రికి కుండెందుకే?" అంటున్నారు. రోజూ ఎంత పెట్టావని డాక్టరు అడుగుతారు కదా. నా నోటిమాట ఆయన ఇక నమ్మరు. అందుకే కుండ పట్టుకెళ్తున్నాను.

ఇట్లు,
దారిలో ఈ ఉత్తరం డబ్బాలో వేసి వెళ్లే నీ అమ్మ,
ఇన్కొరొనాటా