బిజినెస్ క్లాసులో అమ్మ

ఆదివారం, ప్రొద్దుటూరు

లండన్ నుంచి వచ్చి వారమైంది. మోకాళ్ల నొప్పితో అమ్మ అంతసేపు కాళ్లు ముడుచుకుని కూర్చోలేదని, ఇన్నేళ్ల విమాన ప్రయాణాల్లో కూడబెట్టిన పాయింట్లన్నీ పెట్టి ఆమె సీటొక్కటే బిజినెస్ క్లాసుకు మార్పించాను. నేను వెనక ఎకానమీలో కూర్చున్నాను. దిగాక అడిగితే "శానా బాగుండాది రా" అంది.

ఈరోజు జమ్మలమడుగు నుంచి పిన్నమ్మ చూడ్డానికొచ్చింది.

"సీటు మంచం మాదిరి ఐతాదంట కదక్కా, బాగ పండుకుంటివా?"

"యాడ పండుకునేది! పక్కన ఎవురో పెద్దాయప్ప. ఆయప్ప ముందర కాళ్లు సాపుకుంటే బాగుంటాదా? తెల్లారేదాకా ముడుసుకోనే కూసుంటి. వానికి చెప్పొద్దు."

వరండాలో ఉన్న నాకు అంతా వినబడింది. వాడిన పాయింట్లు ఇక తిరిగి రావు.

వెనక నా పక్క రెండు సీట్లూ ఖాళీ. నేను కాళ్లు చాపుకుని హైదరాబాద్ దాకా నిద్రపోయాను. ఆ సంగతి అమ్మకు నేనూ చెప్పలేదు.