చివరి మూడు ఎపిసోడ్లు

ఫిబ్రవరి 5, సోమవారం

పక్క కుర్చీలోకి కొత్త మనిషి వచ్చింది. ముప్పై దాటినట్టు లేదు. డయాలసిస్ హాల్లో ఆ వయసు వాళ్ళని చూస్తే నాకు ముందు కోపం వస్తుంది. ఎవరి మీదో తెలియదు. మా బోటి వాళ్ళకంటే సరే. డెబ్బై దాటిన కిడ్నీలు, చాకిరీ చేసి చేసి సమ్మెకి దిగాయి. కొత్తది వేస్తే నా గుండె తట్టుకోదని డాక్టరు ఎప్పుడో తేల్చేశాడు కనక నాది సీజన్ పాసు. సోమ, బుధ, శుక్ర. పొద్దున్నే రావడం, తూకం ఎక్కడం, ఎడమ చేతికి రెండు సూదులు పొడిపించుకోవడం, నా రక్తం మిషన్లోకి పోయి స్నానం చేసి తిరిగొస్తుంటే గొట్టాల వంక చూస్తూ పడుకోవడం.

ఆ అమ్మాయి గొట్టాల వంక చూడలేదు. ఫోను నిలబెట్టుకుని బొమ్మల సినిమా చూసింది. ఇనుప రాక్షసుడొకడు సముద్రంలోంచి లేస్తున్నాడు. నేను మెడ సాచి సాచి చూశాను. కాసేపటికి ఆమే, ఇటు తిప్పనా తాతగారూ, మిమ్మల్ని చూస్తే నా మెడ నొప్పెడుతోంది, అంది.

ఫిబ్రవరి 7, బుధవారం

అది సినిమా కాదు, సీరీస్. ఆమె పుట్టక ముందు జపాన్‌లో తీసింది. చిన్నప్పుడు సగం చూసిందట, టీవీ వాళ్ళు మధ్యలో ఆపేశారట. ఇప్పుడు మొదటి నుంచి చూస్తోంది.

ఆ రోబో పేరు నా నోట తిరగదు. నేను మహాకాయుడని పెట్టాను. వాడి గుండెలో ఒక గది, గదిలో కుర్చీ, కుర్చీలో ఒక పిల్ల. పిల్ల రెండు చేతులకీ రెండు గొట్టాలు తగిలిస్తేనే మహాకాయుడు కదులుతాడు. ఆకాశంలోంచి యంత్రాలు ఊరి మీద పడతాయి, పిల్ల వెళ్ళి కూర్చుంటుంది, యుద్ధం అవుతుంది, పిల్ల పాలిపోయి దిగుతుంది. మళ్ళీ రెండు రోజులకి ఇంకో యంత్రం.

ఈ కథ నాకు చెప్పక్కర్లేదమ్మా, అన్నాను. చాలాసేపు నవ్వింది. నవ్వితే సూది కదిలి మిషను కుయ్యోమంది. టెక్నీషియన్ వచ్చి, పెద్దాయనా, జోకులు సూదులు తీశాక, అని కసిరాడు.

ఫిబ్రవరి 12, సోమవారం

ఇప్పుడు ఒక ఇయర్‌బడ్ ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో. రోజుకి రెండు ఎపిసోడ్లు. ఆ తర్వాత ఎలాగూ బీపీ పడిపోయి ఇద్దరం ముడుచుకుంటాం. కింద ఇంగ్లీషులో మాటలు పడతాయి. నా ఇంగ్లీషు నిదానం మీద నడిచేది, అవేమో పరుగు మీద పోయేవి. అందుకని ఆమే చదివి తెలుగులో చెబుతోంది. శత్రు సేనాపతి తన కింది వాడిని, ఒరే అప్రాచ్యుడా, నీకు జీతం దండగ, అన్నాడు. జపాన్ వాడు అలా అని ఉంటాడా అని నా అనుమానం. అడగలేదు. బాగుంది కదా.

ఆమె రంగుల కొట్టులో షేడ్లు కలుపుతుందట. మహాకాయుడి ఛాతీ మీది ఎరుపు మొదట ఇది కాదు, ప్రింటు వెలిసిపోయింది, అసలు దాంట్లో కాస్త నలుపు పడాలి, అంది. మా గొట్టాల్లో పోతున్న ఎరుపు ఏం షేడు అంటే, షేడ్ కార్డులో ఉండదు, కొనేవాళ్ళు లేరు, అంది.

ఫిబ్రవరి 19, సోమవారం

నాకు ప్రొఫెసర్ అని పేరు పెట్టింది. సీరీస్‌లో తెల్లగడ్డం ప్రొఫెసరొకడు అన్నీ తెలిసినట్టు మాట్లాడతాడు. అన్నీ తప్పే అవుతాయి.

తప్పు నాది కాదు, నా చదువుది. నలభై ఏళ్ళు పాత కాగితాల కొట్టు నడిపాను. బడి మొహం చూసింది తక్కువ, తూకానికి వచ్చిన పుస్తకాలే నా బడి. వాటిల్లో సగానికి అట్టలుండవు, పావు వాటికి చివరి పేజీలుండవు. హంతకుడెవరో నేనే తేల్చుకోవాలి. ఒక నవల్లో వంటవాడే చంపాడని పదేళ్ళు నమ్మాను. తర్వాత పూర్తి పుస్తకం దొరికింది. అసలు హత్యే జరగలేదు. అయినా నా వంటవాడి కథే మెరుగు. సరే, ఎక్కడికో పోయాను.

ఇవాళ నా థియరీ చెప్పాను. పిల్ల మహాకాయుణ్ణి నడపడం లేదు, మహాకాయుడే పిల్లని బతికిస్తున్నాడు. మొదటి ఎపిసోడ్‌లో పడవ మునిగిందే, ఆ సముద్రం ప్రమాదంలోనే ఆమె ప్రాణం పోయింది. గొట్టాలు తగిలించిన ప్రతిసారీ రెండు రోజులకి సరిపడా ప్రాణం పోస్తున్నాడంతే. ఆ కుర్చీ మానేసిన రోజున ఆమె లేదు.

ఇయర్‌బడ్ తీసి ఇచ్చెయ్యమంది. ఇచ్చాను. ఆ తర్వాత ఇద్దరం పైకప్పు చూస్తూ పడుకున్నాం.

నోరా, వీపుకి తేకే అని ఊరికే అన్నారా.

ఫిబ్రవరి 21, బుధవారం

వస్తూనే, మీ థియరీ తప్పు ప్రొఫెసర్ గారూ, అంది. ఆరో ఎపిసోడ్‌లో పిల్ల గట్టు మీద కూర్చుని పుచ్చకాయ తిన్నది గుర్తుందా, రెండు రోజుల ప్రాణం ఉన్న మనిషి గింజలు అంత తీరిగ్గా ఊస్తుందా, అని నిలదీసింది. రెండు రోజులుగా ఇదే ఆలోచించినట్టుంది.

పుచ్చకాయ మా ఇద్దరికీ నిషేధం. మాకు తాగే నీళ్ళే కొలత, అదేమో అంత నీళ్ళ కాయ. నేను ఓడిపోయానని ఒప్పుకున్నాను. ఇయర్‌బడ్ తిరిగొచ్చింది.

మార్చి 4, సోమవారం

మూల కుర్చీ లారీ డ్రైవరు రాలేదు. శుక్రవారం కూడా రాలేదు. ఇక్కడ ఖాళీ కుర్చీ గురించి ఎవరూ అడగరు. పెట్టిన నియమం కాదు, ఏర్పడింది. కొత్తది కనక ఆమె అడగబోయింది. నేను ఫోను వైపు చూపించి, సేనాపతి ఏమంటున్నాడు, అన్నాను. కాసేపు నా మొహం చూసింది. తర్వాత చదివింది.

మార్చి 13, బుధవారం

ఇవాళ ఆమె థియరీ. ఆ యంత్రాలు వాటంతటవి రావడం లేదట. మహాకాయుడే పిలుస్తున్నాడట. యుద్ధం లేకపోతే పిల్ల వచ్చి ఆ గుండెలో కూర్చోదుగా. వేల ఏళ్ళు సముద్రం అడుగున ఒంటరిగా పడున్నాడు, ఇప్పుడు మనిషి తోడు దొరికింది, వదులుకోడు.

ఇనుముకి ఇంత మనసేమిటమ్మా, అని కొట్టేశాను. మనసు లేనిదే అంత పెద్ద ఛాతీ ఎందుకు పెట్టారు, అంది.

మార్చి 20, బుధవారం

వాళ్ళమ్మ కిడ్నీ సరిపోయింది. నెలలుగా పరీక్షలు నడుస్తున్నాయట, నాకు చెప్పలేదు. చెబితే దిష్టి తగులుతుందని వాళ్ళమ్మ ఆన. ఆవిడ రోజూ బయట బెంచీ మీద ఫ్లాస్కు పట్టుకుని కూర్చునే మనిషి. ఇవాళ నన్ను చూసి లేచి నిలబడింది. రెండున్నాయి అన్నయ్యగారూ, ఒకటి దాని కోసమే ఇన్నాళ్ళూ మోస్తున్నాననుకుంటాను, అంది. ఎంత మామూలుగా అందంటే, సంచీలోంచి తీసి ఇస్తుందనుకున్నాను.

ఏప్రిల్ 5, శుక్రవారం

ఆమెకి ఇక్కడ ఇదే ఆఖరి రోజు. ఇంకా మూడు ఎపిసోడ్లు మిగిలాయి. ఇవాళే చూసేద్దామన్నాను. ఎందుకంత తొందర, అంది. కుట్లు మానాక ఇంటి నుంచి ఫోన్ చేస్తాను, ఇద్దరం ఒకేసారి మొదలుపెడదాం, నేను చదువుతాను, మీరు అడ్డమైన థియరీలూ చెబుదురుగాని, అంది. అంతదాకా చూడనని నా చేత ఒట్టు వేయించుకుంది.

మళ్ళీ ఇటు రాకు తల్లీ, అన్నాను. ఈ హాల్లో ఇంతకు మించిన దీవెన లేదు.

ఏప్రిల్ 12, శుక్రవారం

ఆపరేషన్ అయింది. టెక్నీషియన్ ఫోనుకి వాయిస్ మెసేజ్ పంపింది. అతను అందరికీ వినపడేలా పెట్టాడు. ప్రొఫెసర్ గారూ, వస్తోంది, పంపు తిప్పినట్టు వస్తోంది, నర్సు సంచీలు మార్చలేక ఛస్తోంది, అంది ఆ గొంతు.

ఏళ్ళుగా మాలో ఎవరికీ ఒంటేలు సరిగ్గా లేదు. బయటి వాళ్ళకి తెలియదు అదెంత ఐశ్వర్యమో. హాలు హాలంతా సూదుల్లేని చేతులతో కుర్చీలు చరిచారు. ఇంతమంది పెద్దమనుషులు ఒక ఆడపిల్ల ఒంటికి వెళ్ళిందని పండగ చేసుకోవడం నా జీవితంలో చూడలేదు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ముందు ఛీ అంది, తర్వాత కళ్ళు తుడుచుకుంది.

ఏప్రిల్ 29, సోమవారం

పక్క కుర్చీలోకి రిటైరైన మేజిస్ట్రేటు వచ్చాడు. గురక.

మే 6, సోమవారం

ఇంట్లో ఒట్టు తప్పాను. పూర్తిగా కాదు. మా ఆవిడ ఫోన్లో ఆ సీరీస్ వెతికి పెట్టించుకుని, మిగిలిన మూడిట్లో మొదటిది తెరిచాను. అక్షరాలు నేను కూడబలుక్కునే లోపల మాయమయ్యాయి. సేనాపతి ఎవరినో తిడుతున్నాడు, ఏమని తిడుతున్నాడో తెలియదు. ఆమె నోటితో మాట్లాడకపోతే వాళ్ళు నాకు వట్టి బొమ్మల్లా ఉన్నారు. ఆపేశాను. బొమ్మలు చూసే వయసా, చూసి ఏడ్చే వయసా, అని మా ఆవిడ అడిగింది. ఏడవలేదు, కళ్ళద్దాలు మురికి.

మే 15, బుధవారం

మెసేజ్‌లు తగ్గాయి. జ్వరంగా ఉంది, పరీక్షలు చేస్తున్నారు, అని ఒకటి. ఆ తర్వాత లేవు.

మే 31, శుక్రవారం

అడగలేదు.

జూన్ 10, సోమవారం

తూకం దగ్గర నా ముందు ఒక లావుపాటి మనిషి నిలబడి ఉంది. మొహం చంద్రబింబంలా ఉబ్బి ఉంది. కిడ్నీ మార్చాక వాడే మందులకి అలాగే ఉబ్బుతారు. ఆనవాలు పట్టలేదు నేను. తిరిగి, నమస్తే ప్రొఫెసర్ గారూ, చూసెయ్యలేదు కదా, అంది.

లేదన్నాను.

కిడ్నీ నిలవలేదు. ఒళ్ళు దాన్ని పరాయిదనుకుని తిరగబడిందట. రెండు నెలలు ఉంది. టెక్నీషియన్ మేజిస్ట్రేటుని బతిమాలి మూల కుర్చీకి మార్చి ఆమెని నా పక్కన పెట్టాడు. సూది గుచ్చేటప్పుడు ఆమె ఈసారి గొట్టం వంకే చూసింది. ఫోను తీయలేదు.

వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మ బెంచీ మీద ఉంది. ఒక చెయ్యి నడుం పక్క నొక్కి పట్టుకుని ఉంది. తొమ్మిది నెలలు దాన్ని నాలో దాచుకున్నాను, దానిలో నాకు మూడు నెలలు చోటు లేకపోయింది అన్నయ్యగారూ, అంది. నాది నాసిరకం సరుకేమో, పాతది కదా, అంది. నలభై ఏళ్ళు పాత సరుకు తూచిన వాడిని. పక్కన కూర్చున్నాను. ఫ్లాస్కు మూత విప్పి నాకు పోయబోయి, నాకు నీళ్ళు లెక్క అని గుర్తొచ్చి, మళ్ళీ బిగించింది.

అదే రోజు, సాయంత్రం

ఇది ఎక్కడా చెప్పలేను. రాస్తున్నాను.

అన్నం తింటుంటే మా ఆవిడ, ఏమిటీ ఇవాళ రెండోసారి వడ్డించుకున్నారు, నెల తర్వాత మొహంలో కళ వచ్చింది, అంది. ముద్ద చేతిలో ఉండిపోయింది. నిజమే. పొద్దున ఆ ఉబ్బిన మొహం తిరిగి నన్ను ప్రొఫెసర్ గారూ అన్నప్పుడు, ఏమైందో అర్థమయ్యే లోపల, నా గుండె ఎగిరింది. యజమాని గుమ్మంలోకి వచ్చినప్పుడు కుక్క ఎగిరినట్టు ఎగిరింది. దుఃఖం ఆ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సంతోషమే.

ఆ పిల్ల బతుకు కూలి నా పక్కకి వస్తే నాకు ఆకలి పుట్టింది.

యంత్రాల్ని పిలుస్తున్నది మహాకాయుడే అని ఆమె అన్నప్పుడు ఇనుముకి మనసేమిటని కొట్టేశాను. నేను పిలవలేదు. దేవుడి సాక్షిగా పిలవలేదు. కానీ వచ్చినప్పుడు తలుపు తీసింది మాత్రం నేనే.

పెరుగు కలుపుకోకుండా లేచాను.

జూన్ 12, బుధవారం

ఆమే ఫోను తీసింది. మిగిలిన మూడిట్లో రెండు చూశాం. మొదట్లో గొంతు సన్నగా ఉంది. సేనాపతి ఓడిపోయేసరికి కాస్త ఊపందుకుని, పోరా, నీ పాపాన నువ్వే పోతావు, అని వాడి చేత అనిపించింది. వాడు తననే తాను తిట్టుకుంటున్నాడా అని అడిగాను. బుద్ధి వచ్చింది వాడికి, అంది.

జూన్ 14, శుక్రవారం

చివరిది చూశాం.

నా థియరీ తప్పు. ఆమెది కూడా. లేదా రెండూ ఒప్పేమో, వాళ్ళు చెప్పలేదు. యుద్ధం మొదటి ఐదు నిమిషాల్లోనే అయిపోయింది. తర్వాత చాలా ఏళ్ళు గడిచినట్టు చూపించారు. మహాకాయుడు ఒక పార్కులో నిలబడి ఉన్నాడు. తుప్పు పట్టి, భుజాల మీద పావురాలతో. పిల్లలు వాడి పాదాల మీద జారుడుబండ ఆడుతున్నారు. పైలట్ పిల్ల ఇప్పుడు నడి వయసు మనిషి. తన ఇద్దరు పిల్లల్నీ తీసుకుని వచ్చింది. చిన్నవాడి బూటు లేసు ఊడితే వాడి కాలు మహాకాయుడి బొటనవేలి మీద పెట్టించి ముడి వేసింది. తల ఎత్తి చూసింది. అది ఏమిటో పిల్లలకి చెప్పలేదు. ముగ్గురూ వెళ్ళిపోయారు. పేర్లు పడ్డాయి.

చివరి ఐదారు నిమిషాలు ఆమె ఏమీ చదవలేదు. కింద మాటలు పడుతూనే ఉన్నాయి. నేనూ అడగలేదు.

ఫోను ఆపి, ఇద్దరు పిల్లలున్నారు దానికి, అంది.

అవునమ్మా, అన్నాను.

బూటు లేసు బాగా గీశారు, అంది. తర్వాత మొహం అటు తిప్పుకుంది. భుజం కదులుతోంది, సూదులున్న చెయ్యి మాత్రం కదలకుండా చాపి ఉంచింది. ఏడవడానికి కూడా ఇక్కడ ఒక పద్ధతి ఉంది. మిషను కుయ్యోమనకూడదు.

నా కుడి చెయ్యి ఖాళీగానే ఉంది కానీ మధ్యలో మిషను. చాపితే ఆమె దుప్పటి కొస అందింది. అది పట్టుకుని కూర్చున్నాను.

జూన్ 19, బుధవారం

కొత్త సీరీస్ మొదలుపెట్టాం. ఆమే ఎంచింది. ఇందులో పది రోబోలట. ఎన్ని ఎపిసోడ్లమ్మా అని అడిగాను.

ఇంకా అయిపోలేదు ప్రొఫెసర్ గారూ, తీస్తూనే ఉన్నారు, అంది.