అక్క కాచే ఎర్ర నీళ్ళు

జూన్ 3, బుధవారం

సెర్వియో ఇవాళ అడిగేశాడు. మా లోహా ఊరి బస్టాండులో, బస్సు స్టార్ట్ చేసి, డ్రైవర్ కిటికీలోంచి తల బయటికి పెట్టి. ఎనీత్, మనిద్దరం పెళ్ళి చేసుకుంటే ఎలా ఉంటుందంటావు, నేను సమోరా వెళ్ళొచ్చేలోగా ఆలోచించి పెట్టు అన్నాడు. అరటికాయలు కొనిపెట్టు అన్నంత తేలిగ్గా. నాకు నలభై తొమ్మిది. అతనికి భార్య పోయి చాలా ఏళ్ళయింది. నేను నవ్వాను. అది నవ్వో ఏమిటో.

ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చుంటే చేతులు ఒకటే వణుకు. స్కూల్ యూనిఫాం చొక్కాకి చెయ్యి చివర మూసేసి కుట్టేశాను. అక్క చూసి, ఇది తొడుక్కునే పిల్లాడికి చేతులుండవా ఏమిటే అంది.

జూన్ 4

నిద్ర లేదు. పొద్దున అక్కకి చెప్పేశాను. అక్క పేరు సొయిలా. బావ పోయినప్పట్నుంచీ నా దగ్గరే ఉంటోంది. మార్కెట్లో మూలికల కొట్టు తనది. విని, మంచివాడే, డీజిల్ కంపు ఒక్కటే అంది. ఆ తర్వాత ఒకే గిన్నెని చాలాసేపు తోమింది.

సాయంత్రం ఓర్చాత కాచింది, మా ఊళ్ళో అందరూ తాగే మూలికల కషాయం. కొట్టులో అమ్మే కట్టలోవే అన్నీ. చామంతి, నిమ్మగడ్డి, అవిసె గింజలు, గులాబీ రేకులు, రంగు కోసం ఎర్ర తోటకూర కంకులు. నీళ్ళు రక్తంలా ఎర్రబడ్డాక దించి, నిమ్మకాయ పిండి, గ్లాసు నా చేతిలో పెట్టింది. నరాలు జివ్వుమంటున్నాయి కదా, తాగు, గుర్రప్పిల్లలా అలా గెంతకు అంది. చిన్నప్పట్నుంచీ తాగుతున్నదే. కానీ ఇవాళ నిమ్మ పులుపు అడుగున ఇంకేదో ఉంది. తడిసిన మేజోళ్ళ వాసన లాంటి చేదు.

తాగాను. వెంటనే ఒళ్ళు తెలీకుండా పడుకున్నాను.

జూన్ 6, శనివారం

మూడు పూటలా అదే తాగుతున్నాను. వణుకు పోయింది. చొక్కాలన్నీ తిన్నగా వచ్చాయి.

సెర్వియో వచ్చాడు. హాల్లో కూర్చుని అక్క ఇచ్చిన గ్లాసు ఖాళీ చేశాడు. సమోరా రోడ్డు ఎక్కడెక్కడ జారుతోందో, ఏ మలుపులో రాళ్ళు పడుతున్నాయో చెప్పాడు. నేను అతని వంక చూశాను. గోడ మీది క్యాలెండర్ని చూసినట్టే ఉంది. ఈ మీసాలు, ఈ గొంతు, వీటి కోసమా నేను నిద్ర మానుకున్నది? వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, ఆలోచించావా అన్నాడు. ఇంకా లేదు అన్నాను. అబద్ధం కాదు. ఆలోచించడానికి లోపల ఏమీ దొరకడం లేదు.

జూన్ 9

అతనంటే ఇష్టమా, అతను అడిగాడన్న కంగారా? రెండూ ఒకేలా ఉంటాయని నాకెవరూ చెప్పలేదు.

జూన్ 11

ఇవాళ కూడా ప్రశాంతంగానే ఉన్నాను. ప్రశాంతంగా ఉన్నందుకు టెన్షన్‌గా ఉంది. ఇది రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది.

జూన్ 14, ఆదివారం

అక్క చర్చికి వెళ్ళింది. నేను తలనొప్పి అని ఆగిపోయాను.

వంటింట్లో ఒక కట్ట విప్పి, ఒక్కో ఆకూ విడిగా కాచి రుచి చూశాను. చామంతి తియ్యగా, మెత్తగా ఉంది. నిమ్మగడ్డి నిమ్మగడ్డిలాగే ఉంది. తోటకూర కంకికి రంగే కానీ రుచి లేదు. అవిసె గింజలు జిగురు, గులాబీ రేకులు వగరు. ఆ మేజోళ్ళ చేదు ఎందులోనూ లేదు. అప్పుడు పైఅర మీద పాత మిఠాయి డబ్బా తీశాను. నిద్ర పట్టనివాళ్ళకి అక్క అమ్మే వలేరియన్ వేర్లు. మూత తియ్యగానే వంటిల్లంతా అదే కంపు.

అక్క చర్చి నుంచి వచ్చి తలమీది ముసుగు తియ్యకముందే డబ్బా ముందు పెట్టాను. నాకు చెప్పకుండా మందు పెట్టావా, నేను పెళ్ళి వద్దనాలనా అని అడిగాను. గొంతు పెరిగింది. అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. నీకు నిద్ర లేక కళ్ళు గుంటలు పడుతుంటే చూడలేక వేశానే అంది. అంతేనా అన్నాను. ముసుగు తీసి ఒళ్ళో మడత పెట్టుకుంది. అంతే అని దేవుడి మీద ఒట్టెయ్యమంటే వెయ్యలేను, నువ్వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనెవరితో పోట్లాడను అంది.

నాకు కోపం తన్నుకొచ్చింది. తర్వాత అక్క ఇంకో మాట అంది. మొన్న బుధవారం నుంచీ వెయ్యడం మానేశానే, వట్టి ఆకులే కాస్తున్నాను అంది. తప్పు చేస్తున్నానని నాకే అనిపించింది, అందుకు మానేశాను అంది.

మరి గురువారం నాకెందుకు ప్రశాంతంగా ఉంది? శుక్రవారం, నిన్న?

అదే రోజు, సాయంత్రం

ఆ ప్రశాంతత అక్క వేసిన వేరుది కాదు, నాదే అయితే, దానికి అర్థమేమిటి? ఇష్టం పోయిందా, భయం పోయిందా? ఈ రెండింట్లో ఏది పోతే ఎలా ఉంటుందో తేడా తెలియడం లేదు. అక్కతో మాట్లాడ్డం లేదు. తనే అరటికాయ సూపు చేసి, నా వాటా మిషన్ పక్కన పెట్టి వెళ్ళింది. తినేశాను.

జూన్ 17, బుధవారం

మధ్యాహ్నం రేడియోలో చెప్పారు. సమోరా రోడ్డు మీద కొండ జారింది. ఒక బస్సు ఆచూకీ లేదు.

బస్టాండుకి వెళ్ళాను. జనం ఆఫీసు కౌంటర్ దగ్గర తోసుకుంటున్నారు. నేను బెంచీ మీద కూర్చున్నాను. చేతులు చూసుకున్నాను, వణకడం లేదు. పొద్దున్నుంచి ఏమీ తాగలేదు కూడా. సెర్వియో బస్సు ఆగే చోటు ఎదురుగా ఖాళీగా ఉంది, నేల మీద నూనె మరక. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

వాన పెద్దదయ్యాక అక్క ఫ్లాస్కు పట్టుకొచ్చింది. మూత తియ్యలేకపోయింది. తన వేళ్ళు వణుకుతున్నాయి. నేనే తీశాను. వట్టి ఆకులేనే, నీ మీద ఒట్టు అంది. నువ్వు తాగు అని తనకే పోశాను. ఇంటికి పోదాం, కబురు తెలిస్తే ఇంటికే వస్తుంది, ఇక్కడ కూర్చుని ఏం చేస్తావే అంది. ఏం చేస్తానో నాకూ తెలీదు. కంగారు లేదు, ఏడుపు లేదు. అక్కణ్ణుంచి లేవడం మాత్రం నా వల్ల కాలేదు.

జూన్ 18

వచ్చాడు. తెల్లారాక, అక్కా నేనూ ఇంకా ఆ బెంచీ మీదే ఉండగా, పాల లారీ వెనక ఎక్కి. మోకాళ్ళ దాకా బురద. పాసింజర్లంతా క్షేమం. మట్టి కదలడం చూసి బస్సు ఆపి అందర్నీ దింపేసి, వెనక్కి నడిపించాడట. బస్సు మాత్రం లోయలో ఉందట. చెప్తుంటే పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

ఫ్లాస్కులో మిగిలింది పోసిచ్చాను. ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టాడు. సొయిలా గారూ, ఏమీ అనుకోకండి, ఇన్నాళ్ళూ మర్యాదకి తాగాను, ఇది పశువులకి పెట్టే గడ్డి ఉడికించినట్టుంటుంది, నాకో కాఫీ ఇప్పించండి అన్నాడు. అక్క అతన్ని పైనుంచి కిందకి చూసి, గాడిదకేం తెలుసు గంధపు పొడి వాసన అంది. అని, తనే వెళ్ళి కాఫీ తెచ్చింది. పంచదార కూడా వేసి.

అప్పుడు ఏడ్చాను.

జూన్ 20

ఆలోచించావా అన్నాడు మళ్ళీ. ఆలోచించాను, ఏమీ అర్థం కాలేదు, సరే చేసుకుందాం అన్నాను. అర్థమయ్యాక చేసుకున్నవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు అన్నాడు. ఆగస్టులో అనుకున్నాం. అతనే మా వీధిలో ఇల్లు చూస్తానన్నాడు.

జూన్ 27

అక్కకి నిద్ర పట్టడం లేదు. ఓర్చాత ఇవాళ నేను కాచాను. డబ్బా తీసి పొయ్యి ముందు నిలబడ్డాను, వెయ్యాలా వద్దా అని. చివరికి, అక్కా, ఒక వేరు వేస్తున్నాను అని కేకేశాను.

రెండు వెయ్యవే అంది.