పూజలో పెట్టిన పిస్తోలు

సజ్జా, షార్జా
12-10-1984, శుక్రవారం

సౌభాగ్యవతి గౌరవ్వకు,

నీ పెనిమిటి దీవించి రాయునది. ఇక్కడ నేను క్షేమం, నీ తమ్ముడు ఆశన్న క్షేమం. అక్కడ అమ్మ, నువ్వు, పిల్లలు క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను. ఆశన్న క్షేమమన్న మాట ఈసారి రెండుసార్లు చదువుకున్నాకే ముందుకు రాశాను. ఎందుకో చదువుతూ పోతే తెలుస్తుంది. కంగారుపడకు, గండం గడిచింది.

నీ ఉత్తరం అందింది. బావి మోటారు నీళ్లు ఎత్తడం లేదన్నావు. ముందు ఫుట్‌వాల్వులో చెత్త ఇరుక్కుందేమో చూపించు, మెకానిక్‌ను తర్వాత పిలవొచ్చు. చిన్నది బడికి పోనని ఏడుస్తోందన్నావు. కొట్టకు, దానికి నా మొండితనమే వచ్చింది. ఇక ఫోటోలో నా నడుముకున్న తోలు సంచి ఏమిటని రెండోసారి అడిగావు. మొగుడి ముఖం చూసుకోమని ఫోటో పంపితే నీ కళ్లు నడుము మీద పడ్డాయి! టార్చిలైటు అని రాశాను కదా, అది అబద్ధం. అందులో ఉన్నది పిస్తోలు.

అది మా కఫీల్‌ది, అదే మాకు వీసా ఇచ్చిన యజమానిది. ఎప్పుడో మిలిటరీ వాళ్లు వదిలించుకున్న పాత సామానులో కొన్నాడట. యార్డులో రాగితీగలు దొంగలెత్తుకుపోయాక, కాపలా ఉన్నంతసేపూ నడుముకు కట్టుకోమని నాకిచ్చాడు. అది కట్టినప్పటినుంచి క్యాంపులో అందరూ నన్ను జమేదార్ అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపు నాకు బాగా రుచించింది.

దసరా నాడు పొద్దున్నే యార్డులో ఆయుధపూజ చేసుకున్నాం. రెండు డ్రమ్ముల మీద చెక్క వేసి పానాలు, సుత్తెలు, జాకీలు, ఆశన్న వెల్డింగు సామాను కడిగి బొట్లు పెట్టాం. నేను గొప్పకు పోయి పిస్తోలును నడిమధ్యలో పెట్టాను. "తూటా తియ్యి బావా" అన్నాడు ఆశన్న. "ఉత్త ఆయుధానికి పూజేందిరా?" అన్నాను. లాక్ వేసి ఉంది కదా అని పైకి ధీమా. ఆశన్న కొబ్బరికాయ కొట్టేసరికి చెక్క అదిరింది, పిస్తోలు జారి సిమెంటు మీద పడింది. పడీ పడగానే పేలింది. తూటా ఆశన్న భుజం మీది తువ్వాలను చీల్చుకుని వెనక రేకులోంచి దూసుకుపోయింది. ఒంటిమీద గీత కూడా పడలేదు గౌరవ్వా. రెండు రోజులు వాడికి ఒక చెవి గుయ్యిమంది. ఇప్పుడు బాగానే వినిపిస్తోంది.

"ఎవ్వలు ముట్టనే లేదు, ఎట్ల పేలింది?" అని అందరూ ఒకటే గోల. మెకానిక్ సనావుల్లా మాత్రం నావైపు చూసి తల దించుకున్నాడు.

ఆ చూపు సంగతి నీకు చెప్పకపోతే నాకు అన్నం దిగదు. సనావుల్లా తండ్రి కడపలో తుపాకులు బాగుచేసేవాడు. నాలుగు నెలల కిందటే సనావుల్లా ఆ పిస్తోలును విప్పి చూసి నాతో చెప్పాడు. "భాయ్, తూటాను పొడిచే సూదికి దీంట్లో అడ్డం లేదు. స్ప్రింగు గూడా సచ్చింది. కింద పడితే సాలు, లాక్ ఉన్నా పేలుతాది. కఫీల్‌కు ఇచ్చేయ్, ఖలాస్." నేను కఫీల్‌కు చెప్పలేదు. చెబితే పిస్తోలు పోతుంది, జమేదారీ పోతుంది, మళ్లీ ఎండలో ఇటుకలు మోయాలి అనుకున్నాను. తెలిసి తెలిసి నీ తమ్ముడి ముందు పెట్టాను.

ఆ రోజే కఫీల్ దగ్గర అంతా ఒప్పుకున్నాను. వీసా కొట్టేసి ఇంటికి పంపుతాడనుకున్నాను. ఆయన ముఖం పాలిపోయింది. నాకివ్వక ముందు ఏళ్ల తరబడి ఆ పిస్తోలు ఆయన కారు సీటు మీద, పిల్లల పక్కనే పడి ఉండేదట. తానే తీసుకుపోయి పోలీసులకు అప్పగించాడు. నన్ను గేటు దగ్గరే ఉంచాడు, చేతిలో కట్టెతో. ఇప్పుడు జమేదార్ అని ఎవరూ అనడం లేదు. హాయిగా నిద్రపడుతోంది.

ఆశన్నకు చెప్పడమే కష్టమైంది. "ఎర్కుండి పెట్టినవా?" అన్నాడు, అంతే. మూడు రోజులు వేరే గదిలో తిన్నాడు. నిన్న గిన్నె పట్టుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. "కూరల ఉప్పు లేదు బావా. అక్కకు నువ్వే రాయి. నేను రాస్తె నీకు తిట్లు ఎక్కువ పడ్తయి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

నీ తిట్లన్నీ రాసి పంపు. ఒక్కటి కూడా మిగుల్చుకోకు.

ఇట్లు,
ఆశన్నకు ఇంకా బావనైన
నీ పెనిమిటి
పర్శరాములు